ఇంజన్ మారింది.. సీ బుక్కు మారలేదు
పాత పికప్‌లకు వేరే ఇంజన్లు.. పాసింగ్ నాడు బయటపడుతున్న చిక్కులు

ఎల్‌బీ నగర్: విజయవాడ జాతీయ రహదారిపై వనస్థలిపురం దగ్గరున్న ఆటోనగర్‌లో పాత పికప్ వ్యాన్ల ఇంజన్లు మార్చడం కొత్త పనేమీ కాదు. బోరు అరిగి, ఆయిల్ తాగుతూ, లోడుతో ఎత్తు ఎక్కలేక మొరాయించే బండికి రెండే దారులు. స్లీవులు, పిస్టన్లు, రింగులు మార్చి, క్రాంకు గ్రైండింగు చేయించడం ఒకటి. తుక్కుకు వచ్చిన మరో బండి ఇంజన్ తెచ్చి దించుకోవడం రెండోది. మంచి ఇంజన్ చవకగా దొరికితే యజమానులు రెండో దారికే మొగ్గు చూపుతారు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి పోతుంది, వాయిదా మాత్రం ఆగదు.

ఈ ప్రాంతంలో పికప్‌ల మీద బతికే కుటుంబాలకు దూరం కూడా పెరిగింది. నల్గొండ బత్తాయి, మామిడి దిగే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఆసుపత్రి నిర్మాణం కోసం 2021-22లో ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న బాటసింగారానికి తరలించారు. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ పండ్ల దుకాణాలకు సరుకు ఇప్పుడు అక్కడి నుంచే రావాలి. పదిహేనేళ్ల బండిని ఈ పరుగులో నిలబెట్టాలంటే ఇంజన్ మీద చేయి పడక తప్పదు.

అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే మెకానిక్కుకు పెద్ద శ్రమ లేదు. వేరే రకమైతేనే అసలు కథ. ఇంజన్ వెనుక భాగం గేర్‌బాక్సుకు అతకదు. మధ్యలో ప్లేటు తయారు చేయించాలి, లేదా గేర్‌బాక్సు కూడా మార్చాలి. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు చాలదు. ఆయిల్ చాంబర్ ముందు యాక్సిల్‌కు తగులుతుంది. రేడియేటర్ సరిపోక వేసవిలో ఇంజన్ వేడెక్కుతుంది. కామన్ రైల్ ఇంజన్ అయితే కంప్యూటర్ పెట్టె, సెన్సర్లు, వైరింగు మొత్తం వెంట రావాల్సిందే. అందుకే పాత పంపు ఇంజన్లకు ఇంకా గిరాకీ ఉంది.

బేరంలో ఎవరూ ఎత్తని సంగతి బ్రేకులది. డీజిల్ ఇంజన్‌లో బ్రేకు బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూమ్ తనంతట తాను పుట్టదు. అందుకు వేరే పంపు ఉంటుంది. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్‌కు అమర్చి ఉంటుంది. తెచ్చిన ఇంజన్‌కు ఆ పంపు లేకున్నా, బలం చాలకున్నా పెడల్ రాయిలా బిగుస్తుంది. ఖాళీ బండితో ట్రయల్ వేస్తే ఇది తెలియదు. టన్నున్నర పండ్ల పెట్టెలతో ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు తెలుస్తుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకూ సీ బుక్కులోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

ఇదే సెక్షన్‌లో మరో ఉపనిబంధన ఉంది. కనీసం పది రవాణా వాహనాలున్న యజమానికి, అదే కంపెనీ, అదే రకం ఇంజన్‌ను ముందస్తు ఆమోదం లేకుండానే మార్చుకునే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఇవ్వవచ్చు. మార్చాక 14 రోజుల్లో తెలియజేస్తే సరిపోతుంది. పది బండ్ల ఆసామి షెడ్డులో ఒకటి ఆగితే తొమ్మిది తిరుగుతాయి. ఒక్క బండి ఉన్నవాడికి అది ఆగితే పొయ్యే ఆగుతుంది. వెసులుబాటు మొదటివాడికి దక్కి, నిరీక్షణ రెండోవాడికి మిగలడం ఏం న్యాయమో అర్థం కాదు. బండి ఫైనాన్సులో ఉంటే ఒప్పందాన్ని బట్టి ఫైనాన్సరు రాతపూర్వక సమ్మతి కూడా కావాలి.

‘అదే రకం’ అన్న మాట కూడా అందరికీ అందేది కాదు. మన జహీరాబాద్‌లోనే ఎనభైలలో ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి ట్రక్కులు తయారయ్యాయి. తర్వాత ఆ సంస్థ మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం టయోటా కంపెనీ పోయి దశాబ్దాలైనా హైదరాబాద్‌లో ఆ సైజు లారీని ఏ కంపెనీదైనా ‘డీసీఎం’ అనే పిలుస్తారు. పేరు నిలిచింది గానీ విడిభాగాలు నిలవలేదు. ఇలాంటి బండ్ల యజమాని అదే రకం ఇంజన్‌ను ఎక్కడి నుంచి తేవాలి?

పొగ విషయంలోనూ ఇలాంటి పేచీయే ఉంది. హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4, దేశమంతటా 2020 ఏప్రిల్‌లో స్టేజ్-6 ప్రమాణాలు వచ్చాయి. అరిగిన పాత ఇంజన్ కంటే తర్వాతి కాలపు ఇంజన్ తక్కువ పొగ వదలవచ్చు. అయినా అనుమతి లేకపోతే అది ఉల్లంఘనే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీకి మాత్రం చట్టం తలుపు తెరిచింది. ఆమోదం పొందిన కిట్‌ను నిబంధనల ప్రకారం అమర్చుకోవచ్చు. మూడున్నర టన్నుల లోపు స్టేజ్-6 బండ్లలో డీజిల్ ఇంజన్ తీసి గ్యాస్ ఇంజన్ పెట్టే వీలును కేంద్రం 2022లో కల్పించింది. పాత డీజిల్ తీసి మరో డీజిల్ పెట్టేవారికి ఈ దారి లేదు.

నంబరు దగ్గరే అంతా

బ్రేకు ఇన్‌స్పెక్టరు పాసింగ్‌కు వచ్చిన బండి చాసిస్, ఇంజన్ నంబర్లను సీ బుక్కుతో పోల్చి చూస్తారు. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు చేసేదీ అదే, ఎందుకంటే పాలసీలోనూ ఆ నంబర్లే ఉంటాయి. అవి కలవకపోతే సొంత నష్టం క్లెయిమ్ పేచీలో పడుతుంది. అంతకంటే పెద్ద ముప్పు దొంగ బండి ఇంజన్. చోరీ సొత్తని తెలిసి కొన్నా, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి కొన్నా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బిల్లు లేని ఇంజన్ కొన్నవాడు తనకేమీ తెలియదని ఎలా నిరూపించుకుంటాడు? నంబరు అరగదీసిన ఇంజన్‌ను ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకూడదు.

కాబట్టి ఇంజన్‌కు బయానా ఇచ్చే ముందే రవాణా కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవడం మేలు. అమ్మేవారి నుంచి ఇంజన్ నంబరు వేసిన బిల్లు, అది ఏ బండిదో ఆ బండి సీ బుక్కు నకలు, దాని రిజిస్ట్రేషన్ రద్దయినట్లు కాగితం తీసుకోవాలి. మెకానిక్కు ఇచ్చే రసీదులో తీసిన ఇంజన్, పెట్టిన ఇంజన్ నంబర్లు రెండూ ఉండాలి. సీ బుక్కులో కొత్త నంబరు ఎక్కాక పాలసీలోనూ మార్పించాలి. సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవారు బానెట్ ఎత్తి, ఇంజన్ బ్లాకు మీది మట్టి తుడిచి, నంబరును సీ బుక్కుతో సరిచూసుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.