పాట ఆమెది, పెట్టె ఎవరిది?

పెళ్లయినా, నిమజ్జనమైనా, బతుకమ్మయినా ఇప్పుడు మా ఖమ్మం, భద్రాచలం వైపు డీజే లేనిదే ముచ్చట తీరడంలేదు. బండి మీద ఎత్తుగా బాక్సులు కట్టుకొస్తారు. ముందు ఎగిరే వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. బాక్సుల్లోంచి వినపడేదీ చాలాసార్లు ఆడగొంతే. మీట నొక్కేది మాత్రం మగపిల్లాడు. అమ్మాయి ఆ పని చేస్తానంటే ‘‘రాత్రిళ్లు తిరగాలి, తాగినోళ్ల మధ్య నిలబడాలి, నీకెందుకే తల్లీ’’ అంటారు.

రెగె సంగీతం పుట్టిన జమైకా దీవిలోనూ మైకు చాలాకాలం మగవాళ్ల చేతిలోనే ఉంది. అక్కడ కూడా వీధిలో పెద్ద పెద్ద బాక్సులు పెట్టి ఆడతారు. రికార్డు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు. ఆ దరువు మీద మాట కట్టి పాడేవాళ్లని డీజే అంటారు. పదిహేనుమంది పిల్లలున్న ఇంట్లో 1962లో పుట్టిన సిస్టర్ నాన్సీ చిన్న వయసులోనే ఆ మైకు పట్టుకుంది. 1982లో ఆమె పాడిన ‘బాంబాం’ దేశదేశాలు తిరిగింది, సినిమాకెక్కింది. ఆమె మాత్రం 1996లో అమెరికా వెళ్లి, బ్యాంకులో లెక్కలు చూసే ఉద్యోగంతో బతికింది. 2014లో ఓ బూట్ల కంపెనీ ప్రకటనలో తన గొంతు తనే విని, లాయరును పట్టుకున్నాక గానీ రాయల్టీ చేతికి రాలేదు. అంటే ముప్పై ఏళ్లకి పైగా ఆమె పాట ఇతరులకి అన్నం పెట్టిందన్నమాట!

అయ్యో పాపం అనుకుని ఊరుకోకండి. మన చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల సంగతేమిటి? పండగొస్తే కోయ ఆడవాళ్లు చేతులు కలిపి వరసగా ఆడుతూ రేల పాటలు పాడతారు. డోలు వాయించేది మగవాళ్లు. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రావలసిందే. 2024లో కన్నుమూసేదాకా ఆ కళని మోసిన మనిషి ఆయన. మరి రేల పాడే ఆడవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వాళ్ల పాటని ఎవరో సెల్‌ఫోన్‌లో పట్టుకుంటారు, దరువు కలిపి యూట్యూబ్‌లో పెడతారు. కింద దరువు కలిపినవాడి పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది. పాడినామె పేరు వెతికినా దొరకదు. అడిగితే ‘‘అది ఊరందరి పాట కదా’’ అంటారు. పాట ఊరందరిదీ కావచ్చు, గొంతు ఆమెదే కదా!

చట్టం కూడా ఆ మాటే అంటోంది. పాడినదాన్ని వ్యాపారానికి వాడుకుంటే పాడినవాళ్లకి రాయల్టీ పొందే హక్కు ఉందని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. అయితే హక్కు ఉందని తెలియనివాళ్లు అడిగేదెట్లా?

ఆడవాళ్లకి మిషన్లు చేతకావనే మాట ఇక కట్టిపెట్టాలి. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008లో సంఘం రేడియో మొదలైనప్పుడు మైకూ, మీటలూ పట్టింది దళిత మహిళలే. పొదుపు సంఘాలు అప్పు తెచ్చి గేదెలు కొంటాయి, కుట్టు మిషన్లు కొంటాయి. ఓ డీజే సెట్టు కొంటే తప్పేముంది? నలుగురు కలిసి వెళ్తే రాత్రి భయం కూడా సగమవుతుంది. అది చేతిలోకి వచ్చేదాకా కనీసం ఒక పని చేద్దాం. మన ఊళ్లో ఎవరైనా పాట రికార్డు చేయడానికి వస్తే, పాడేముందే పేరు వేస్తారా, ఎంత ఇస్తారు అని అడిగి కాగితం మీద రాయించుకుందాం. చదువుకున్న అమ్మాయిలు ఆ కాగితం రాసిపెడితే చాలు.