కన్ను బాగానే ఉంది, మరి చూడదేం?

మా మామయ్య కల్లూరులో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి పలక పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటారు. డాలస్‌లో ఉన్న మనవరాలికి అప్పుడు శనివారం రాత్రి. ఆయన పలక మీద అక్షరం రాసి కెమెరాకు చూపిస్తే, పాప అక్కడ దిద్దుకుంటుంది. ఫోనుతో ఈ పని కాదు. ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో బలపం ఉంటే ఫోను పట్టుకునేదెవరు? పైగా ఆయన చూపుకు అంత చిన్న తెర ఆనదు. అందుకే పదిహేడేళ్ల కిందట ఖమ్మంలో కొన్న వెబ్‌క్యామే ఇప్పటికీ మానిటర్ నెత్తిన కూర్చుంటోంది. క్లిప్పు రబ్బరు అరిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు.

మొన్న పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొన్నారు. కెమెరా తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ త్రికోణం కనిపించింది. దాంతో వచ్చిన సీడీని భద్రంగా దాచారు గానీ, కొత్త కంప్యూటర్‌కు సీడీ పెట్టే చోటే లేదు. నేను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చినా డ్రైవరు ఎక్కలేదు. కంపెనీ సైటులో ఆ మోడల్‌కు సపోర్టు ముగిసిందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. రెండు ఆదివారాలు పాఠం పోయింది. "దీని కన్ను బాగానే ఉంది గదా అల్లుడూ, మరి చూడదేం?" అన్నారు మామయ్య.

ఆ ప్రశ్న నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు. డ్రైవరంటే కెమెరాకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ. 32 బిట్ రోజుల్లో రాసిన దుబాసీ 64 బిట్ సిస్టంలో పనిచేయడు. మళ్లీ రాయాలి, కంపెనీ రాయలేదు. అసలు దుబాసీ గొడవే లేకుండా చేయొచ్చని ఈ పరిశ్రమకు తెలియదా? యూఎస్‌బీ కెమెరాలన్నిటికీ ఒకే భాష ఉండాలని 2003లోనే యూవీసీ అనే ప్రమాణం పెట్టుకున్నారు. దాన్ని పాటించిన కెమెరాలు ఇవాళ్టి సిస్టంలోనూ తగిలించగానే వెలుగుతాయి. మామయ్య కెమెరా మాట్లాడేది కంపెనీ సొంత భాష. దాని వ్యాకరణం కంపెనీ బయటపెట్టలేదు.

చివరికి మా వీధిలో బీటెక్ చదివే కుర్రాడు విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాడు. ఏ సీడీ లేకుండా కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. దాని వెనక ఉన్నది మిషెల్ గ్జార్ అనే ఫ్రెంచి వైద్యుడి శ్రమ. రోగులను చూసుకుంటూనే, తీరిక వేళల్లో రెండు వందలకు పైగా వెబ్‌క్యామ్‌లు పనిచేసేలా ఆయన డ్రైవర్లు రాశారు. ఆ పనే జీఎస్‌పీసీఏ పేరుతో 2008లో లైనక్స్ కెర్నెల్‌లో చేరింది. ఒక డాక్టరు ఊరికే చేసిపెట్టిన పని, డబ్బు తీసుకుని కెమెరా అమ్మినవాళ్లకు ఎందుకు చేతకాలేదు?

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని నాతో చాలామంది అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసే మా ఊళ్లో మోటారు కాలితే పారేయరు. వైండింగ్ షాపులో దాన్ని విప్పి, పాత తీగ చుట్లు లెక్కపెట్టి, గేజి చూసుకుని, అదే లెక్కన కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తారు. తండ్రి కొన్న మోటారుతో కొడుకు నీళ్లు పెట్టుకుంటున్నాడు. మోటారును విప్పి చూడొచ్చు. డ్రైవరును విప్పనివ్వరు.

ఇది ఒక్క కెమెరా గొడవే కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలన్నలాంటి షరతుల వల్ల లక్షణంగా నడుస్తున్న ఎన్నో కంప్యూటర్లకు 11లోకి అధికారికంగా దారి లేదు. వాటిని ఏం చేయాలి? రిపేరు హక్కు పేరుతో కేంద్రం 2022 డిసెంబరు 24న పోర్టల్ పెట్టింది, చట్టం మాత్రం తేలేదు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. బడులకూ ఆఫీసులకూ కంప్యూటర్లూ కెమెరాలూ కొనేది ప్రభుత్వాలే. సపోర్టు ఆపేసిన రోజున డ్రైవరు సోర్సు కోడు బయటపెట్టాలని టెండరులో ఒక్క షరతు రాయమనండి. హైదరాబాద్‌లో ఆ టెండర్లు రాసే అధికారులను నేను అడుగుతున్నది ఇదొక్కటే.