వందకు ఏడు తక్కువ

పి.గన్నవరం నుంచి అమలాపురం దాకా ఏ కుర్రాణ్నయినా ఆపి 'మన కోనసీమ నుంచి ఇండియాకి ఆడిందెవరు?' అని అడగండి. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పేరు ఠక్కున చెబుతాడు. అంతకు పాతికేళ్ల ముందే ఆలమూరులో పుట్టిన ఒకాయన భారత టెస్టు జట్టులో చోటు సంపాదించారన్న సంగతి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుచేయాల్సిందే. ఆయనే సాగి లక్ష్మీ వెంకటపతిరాజు.

పుట్టింది 1969లో. రంజీల్లో ఆడింది హైదరాబాద్‌కు. ఎడమచేతి స్పిన్నర్. మనిషి బక్కపలచన... అందుకే తోటివాళ్లు వేళాకోళంగా 'మజిల్స్' అని పిలిచేవారు!

1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్‌పై తొలి టెస్టు. బౌలింగ్ కోసం తీసుకెళ్లినవాణ్ని నైట్‌వాచ్‌మన్‌గా బ్యాటిచ్చి పంపారు. అవతల నిప్పులు చెరుగుతున్నది హ్యాడ్లీ! అయినా రెండు గంటలకు పైగా నిలబడి 31 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరూ అదే. ఆ ఏడాదే ఇంగ్లండ్ వెళితే కౌంటీ మ్యాచ్‌లో కోట్నీ వాల్ష్ బంతికి వేలి కణుపు విరిగింది.

నవంబరుకల్లా తేరుకున్నారు. చండీగఢ్‌లో శ్రీలంకతో టెస్టు. 17.5 ఓవర్లు, అందులో 13 మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు 12, తీసిన వికెట్లు 6! లంక 82కే ఆలౌట్. పీనాసితనం అంటే అదీ!

1993లో ఇంగ్లండ్‌ను మనవాళ్లు సొంతగడ్డపై 3-0తో చిత్తు చేసినప్పుడు కుంబ్లే 21 వికెట్లు తీస్తే, రాజు 16 తీశారు. మరుసటి ఏడాది అహ్మదాబాద్‌లో శ్రీలంకపై ఒక్క టెస్టులోనే 11. ఆ ఏడాది చివర్లో వెస్టిండీస్ వస్తే మూడు టెస్టుల్లో 20. ఒక కొస నుంచి కుంబ్లే వేగంగా విసిరే బంతులతో ఉక్కిరిబిక్కిరైన బ్యాట్స్‌మన్, రెండో కొసనైనా ఊపిరి తీసుకుందామంటే అక్కడ రాజు కాచుకుని ఉండేవారు. పరుగులు రావు, ఓపిక చస్తుంది. ఆ పని విలువ స్కోరుబోర్డులో సగమే కనిపిస్తుంది.

అయితే విదేశాలకు వెళ్తే జట్టుకు తరచూ ఒక్క స్పిన్నరే చాలు. ఆ ఒక్కడూ కుంబ్లేనే. 1998 తర్వాత రాజుకు టెస్టు పిలుపే రాలేదు. చివరకు 2001 మార్చిలో కుంబ్లే భుజం గాయంతో లేనప్పుడు, కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై మళ్లీ అవకాశం. లక్ష్మణ్ 281, హర్భజన్ 13 వికెట్లు... ఆ టెస్టే! అంత మహా విజయంలో రాజుకు దక్కింది ఒకే వికెట్టు. తర్వాత జట్టులోకి తీసుకోలేదు. 2004లో ఆట నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత జాతీయ సెలెక్టర్‌గానూ పనిచేశారు.

ఫస్ట్‌క్లాస్‌లో ఆయన వికెట్లు 589. టెస్టుల్లో మాత్రం 28 మ్యాచ్‌లకు 93 దగ్గరే ఆగిపోయింది. ఆ తొంభైమూడోది మార్క్ వా. సున్నాకే ఎల్బీడబ్ల్యూ.