సుగ్గి ఇళ్లలో మిగిలిన పిల్లలు

వానలు మొహం చాటేసిన ఏడాది కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లోని పల్లెల్లో ఇళ్లకు వరుసగా తాళాలు పడడం కర్నూలు జిల్లా వాసులకు కొత్త సంగతి కాదు. గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయే ఈ జనం గురించి పత్రికల్లో ఏటా వార్తలు వస్తూనే ఉన్నాయి. తాళం పడని ఇళ్ల మాటే ఎవరికీ పట్టడం లేదు. చూపు ఆనని అవ్వ, ముగ్గురు మనుమలు మిగిలిన ఇల్లు ఒకటి. పదేళ్ల ఆడపిల్ల పొయ్యి ముట్టించి తమ్ముళ్లకు వండిపెట్టే ఇల్లు ఇంకొకటి. తాగివచ్చిన చిన్నాన్న చేతి దెబ్బలు తినే పిల్లవాడున్న ఇల్లు మరొకటి. సీజనల్ హాస్టలు తెరిచిన ఊళ్లో కొంత మేలు. లేనిచోట ఆ పిల్లలకు దిక్కు ఇరుగుపొరుగే.

ఆ ఇరుగుపొరుగుకు తెలియనిదేమీ ఉండదు. గోడ అవతల ఏడుపు వినబడుతూనే ఉంటుంది. అయినా ‘వాళ్లింటి గొడవ మనకెందుకు’ అని ఊరుకుంటారు. ఇది కఠిన హృదయం అనుకోవడం పొరపాటు. చెబితే పోలీసులు వస్తారు, పిల్లలను పట్నంలో ఏదో హాస్టలుకు పట్టుకుపోతారు, తండ్రి జైలుకు పోతాడు, ఆ పాపం మనకు చుట్టుకుంటుంది అన్న భయమే నోరు నొక్కేస్తోంది. ఈ భయం పోగొట్టే ప్రయత్నం అధికారులు గట్టిగా చేయకపోవడం శోచనీయం.

చట్టం చెప్పేది వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను వసతి గృహంలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక పట్టవలసిన ఆఖరి దారి. ఆపదలో ఉన్న బిడ్డను ఇరవై నాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి. అధ్యక్షులు, నలుగురు సభ్యులు గల ఆ సమితి ఆదేశిస్తే సాంఘిక కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, పదిహేను రోజుల్లోగా విచారణ ముగించాలి. తల్లిదండ్రుల సంపాదన ఎంత, తాగుడు ఉందా, అవ్వకు ఓపిక ఉందా, మేనమామ ఆదరిస్తాడా, పిల్ల బడికి పోతున్నదా అన్నవన్నీ చూడాలి. కనిపెట్టి ఉండే మనిషిని నియమించి బిడ్డను తిరిగి తల్లిదండ్రులకే అప్పగించే అధికారం కూడా సమితికి ఉంది.

పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు. పూట గడవక బిడ్డను అవ్వ దగ్గర వదిలి కూలికి పోయిన తల్లిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆమెకు కావలసింది నెలనెలా ఆసరా. మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకూ, బంధువుల పంచన ఉన్న అనాథలకూ, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధి పాలైన పిల్లలకూ అర్హతనుబట్టి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. మన పల్లెల్లో ఈ మాట ఎందరి చెవిన పడింది? దరఖాస్తు రాసిపెట్టేవారు లేక ఆగిపోయే పిల్లలుంటే ఆ తప్పు వారిది కాదు.

అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. బిడ్డపై లైంగిక అఘాయిత్యం జరిగితే పెద్దమనుషులు కూర్చుని రాజీ చేయడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడమే నేరం, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. సదుద్దేశంతో చెప్పిన వారిపై ఏ కేసూ ఉండదు. బిడ్డ పేరు, ఊరు బయటపెట్టరాదు. పరువు పేరుతో ఇలాంటివి కప్పిపుచ్చే పెద్దలు ఆ బిడ్డ పరువు మాట మరచిపోతున్నారని చెప్పక తప్పదు. 2007లో కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన అధ్యయనంలో, మన రాష్ట్రంతో సహా పదమూడు రాష్ట్రాల పిల్లలను అడిగినప్పుడు సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ‘మా ఊళ్లో అలాంటివి లేవు’ అనేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక అసలు చిక్కు మనుషుల కొరత. నిబంధనల ప్రకారమే జిల్లా విభాగానికి ఇద్దరు సాంఘిక కార్యకర్తలు, ఇద్దరు క్షేత్ర కార్యకర్తలు. కర్నూలు నుంచి కోసిగి సుమారు వంద కిలోమీటర్లు. ఒకసారి వచ్చి కాగితం నింపి పోతే ఇల్లు చక్కబడదు. తాగుడు మానుతానని కార్యకర్త ఎదుట ఒట్టు పెట్టిన తండ్రి నెల తిరక్కుండానే మళ్లీ దుకాణం దారి పడతాడు. అప్పుడే ఆ గుమ్మంలోకి మళ్లీ ఎవరైనా అడుగు పెట్టాలి. రెండోసారి, మూడోసారి వెళ్లడంలోనే ఈ పని అంతా ఉంది. మనుషులను పెంచకుండా, తిరుగుడు ఖర్చులు సకాలంలో ఇవ్వకుండా నివేదికలు మాత్రం అడగడం సబబు కాదు.

ఊరు చేయగల పని కూడా ఉంది. సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త కూర్చునే గ్రామ బాలల పరిరక్షణ కమిటీ కాగితంపై ఉంటే చాలదు. సుగ్గికి పోయే ఇంటింటికీ వెళ్లి ఏ పిల్ల ఎవరి దగ్గర ఉంటుందో, జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకుపోతారో, తల్లిదండ్రుల ఫోను నంబరు ఏదో రాసి పెట్టుకోవాలి. వారానికొకసారి ఆ గుమ్మాలు తొక్కాలి. కీడు తోచినప్పుడు 1098కి ఫోను చేయాలి. పగలూ రాత్రీ పనిచేసే ఆ నంబరుకు ఖర్చు ఉండదు. 1996లో ముంబయిలో మొదలైన ఆ సేవ 2023లో ప్రభుత్వ యంత్రాంగం చేతికి వచ్చింది కనుక, ఫోను ఎత్తకపోతే అడగవలసింది కలెక్టరు కార్యాలయాన్నే.

పడమటి మండలాల పంచాయతీలు ఈ ఏడు సుగ్గి బండ్లు కదలకముందే ఆ పట్టిక తయారు చేసి, ఒక నకలు బడిలో, ఒకటి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉంచాలి. ఆ విభాగం వారు సంక్రాంతిలోగా ఒకసారి, ఉగాదిలోగా మరొకసారి ఆ ఇళ్లకు వెళ్లినట్లు పంచాయతీ రిజిస్టరులో సంతకం చేయాలి.