‘నేనేం రాయిని కాదు’ అన్నది ఎవరు?

ఈమధ్య కవిత్వ సమీక్షలు చదువుతుంటే నాకు హ్యాష్‌మ్యాప్ గుర్తొస్తోంది. నది అంటే జీవితం, కిటికీ అంటే ఆశ, రాయి అంటే కఠినత్వం. కీ ఇస్తే వాల్యూ వచ్చేస్తుంది, కవిత మొత్తం చదవక్కర్లేదు. దీన్ని ‘ప్రతీకలు విప్పడం’ అంటున్నాం.

ఆ రాయినే తీసుకుందాం. మా అనకాపల్లి బెల్లం ఊరు. ‘బెల్లం కొట్టిన రాయిలా కూకున్నావేటి’ అని తిట్లు తినకుండా ఇక్కడ ఎవరూ పెరగరు. ఆ రాయిలో కఠినత్వం ఎక్కడుంది? ఉలుకూ పలుకూ లేకపోవడమే ఉంది. అది జాతీయం కదా, అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది అంటారా? సరే. నలుగురి ముందు మాటలు పడిన ఒకావిడ ‘నేనేం రాయిని కాదు’ అంటుంది. దీన్నేం చేస్తారు?

మమ్మటుడి కావ్యప్రకాశంలో లక్షణకి మొదటి షరతు ముఖ్యార్థబాధ. ‘గంగలో పల్లె’ అంటే నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డు అనుకుంటాం. 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో పాల్ గ్రైస్ దాదాపు ఇదే దారి పట్టాడు: ఎదుటివాళ్ళు పచ్చి అబద్ధం చెబుతున్నారని తెలుస్తూనే ఉంటే, ఇంకేదో సూచిస్తున్నారన్నమాట. కానీ ఆవిడ రాయి కాదన్నది అక్షరాలా నిజం. బాధ ఏదీ లేదు. అయినా అది మెటఫరే. అందరికీ తెలిసిన నిజాన్ని ఈ మనిషి, ఇప్పుడు, వీళ్ళతో ఎందుకు చెప్పాల్సొచ్చిందని అడిగితేనే అర్థం దొరుకుతుంది. (మమ్మటుడి మూడో షరతులోని ‘ప్రయోజనం’ ఈ ప్రశ్నకి దగ్గరగానే వస్తుంది. మనవాళ్ళు మొదటిదే బట్టీపట్టారు.)

1986లో ‘రెలవెన్స్’ పుస్తకంలో డాన్ స్పెర్బర్, డీర్‌డ్రి విల్సన్ ఇంకో మాటన్నారు: కవిత్వంలో ఒక్క గట్టి అర్థం బదులు బోలెడు బలహీనమైన సూచనలుంటాయి, వాటిలో ఏవి తీసుకున్నామన్న బాధ్యత కొంత పాఠకుడిది. ‘ఎవరికి తోచిన అర్థం వాళ్ళది’ బ్యాచ్ దీంతో పండగ చేసుకోనక్కర్లేదు. ఆవిడ తన బరువు గురించి మాట్లాడుతోందని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా?

చెరకు రసం మరిగే పెనం దగ్గర రాత్రంతా పిప్పి ఎగదోసిన మనిషి కవిత రాస్తే, అందులో ‘బెల్లం’ కనపడగానే మన సమీక్షకుడు తీపి జ్ఞాపకాలంటూ రెండు పేరాలు లాగిస్తాడు. పొగకి మండిన కళ్ళు, దిమ్మ బరువు, యార్డులో వేలం అయ్యేదాకా తెలియని ధర – ఇవేవీ డిక్షనరీలో ‘బెల్లం’ పక్కన ఉండవు మరి. అతని కష్టాన్ని మిఠాయి చేసి, పైగా ‘హృద్యంగా ఉంది’ అని మెచ్చుకుంటాం.

నేనూ రాశాను అలాంటిదొకటి. మొన్న తీసి చూసుకుంటే ‘ప్రతీక’ అన్న మాట పదకొండుసార్లు ఉంది. ఆ కవితలో మాట్లాడుతున్నది ఎవరో ఒక్కచోట కూడా రాయలేదు.