వెంటపడితే దొరికినట్టేనా?

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న కుర్రాడు రెజ్యూమెలో 'పర్‌స్యూయింగ్ బీకామ్' అని రాసుకుంటాడు. సబబే, ఇంకా చదువుతున్నాడు కదా! పట్టా చేతికొచ్చాక అదే కాగితాన్ని సరిచేస్తూ 'పర్‌స్యూడ్ బీకామ్' అని మారుస్తాడు. చిక్కంతా అక్కడే. 'చదివేశాను' అన్నది అతని ఉద్దేశం. కానీ ఇంటర్వ్యూ చేసేవారికి 'ఇంతకీ పాసయ్యాడా?' అన్న అనుమానం వస్తే తప్పు వాళ్లది కాదు.

ఎందుకంటే, పర్‌స్యూ అంటే వెంటపడటం. పోలీసులు దొంగల కారును పర్‌స్యూ చేశారంటే తరుముకుంటూ వెళ్లారని మాత్రమే అర్థం. పట్టుకున్నారో లేదో ఆ మాట చెప్పదు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోనూ అంతే. ఆనందాన్ని వెతుక్కుంటూ వెళ్లే హక్కు ఉందన్నారు తప్ప, ఆనందం దొరికి తీరుతుందని హామీ ఇవ్వలేదు! అందుకే చదువు పూర్తయితే నిక్షేపంగా 'కంప్లీటెడ్ బీకామ్' అని రాసుకోవాలి. కష్టపడి తెచ్చుకున్న పట్టా ఒక్క మాటతో అనుమానంలో పడటం ఎందుకు?

మరి 'చేజ్' సంగతి? అదీ వెంటపడటమే. కాకపోతే అందులో పరుగు ఎక్కువ. కుక్క పిల్లిని చేజ్ చేస్తుంది. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ సేన 275 పరుగుల లక్ష్యాన్ని చేజ్ చేసింది. పర్‌స్యూ కాస్త నిదానం, పట్టుదల కలిసిన మాట. కెరీర్‌నీ, కలనీ, కోర్టు కేసునీ ఏళ్ల తరబడి పర్‌స్యూ చేస్తారు. 'డోంట్ పర్‌స్యూ ద మ్యాటర్' అంటే ఇక ఆ విషయం వదిలెయ్యమనే.

కేసంటే గుర్తొచ్చింది. మన కోర్టుల్లో వినిపించే 'ప్రాసిక్యూటర్' దీనికి చుట్టమే. రెండూ లాటిన్‌లోని ఒకే క్రియ నుంచి వచ్చాయి. స్కాట్లాండ్ కోర్టుల్లోనైతే సివిల్ దావా వేసినవారిని ఏకంగా 'పర్‌స్యూయర్' అంటారు. న్యాయం కోసం వెంటపడేవాడన్నమాట.

వాడకంలో మరో పొరపాటు... 'పర్‌స్యూయింగ్ ఇన్ ఎంబీఏ', 'పర్‌స్యూయింగ్ ఫర్ ఎంబీఏ' అనడం. ఆ 'ఇన్', 'ఫర్' రెండూ అనవసరం. 'పర్‌స్యూయింగ్ యాన్ ఎంబీఏ' అంటే చాలు.

ఇక స్పెల్లింగ్. చాలామంది 'పి' పక్కన 'ఇ' పెట్టేస్తుంటారు. జేబులో ఉండే పర్సును తలచుకుంటే తేలిక. పర్సు స్పెల్లింగ్ రాసి, చివరి 'ఇ'కి ముందు ఓ 'యు' చేరిస్తే పర్‌స్యూ వచ్చేస్తుంది.