గ్రూప్ ఫోటోలో నాన్న

పోయిన నెల అమ్మానాన్న తెనాలి నుంచి నా దగ్గరికొచ్చారు. నాన్నకి కొత్త ఫోన్ కొని, యూపీఐ యాప్ పెట్టిచ్చాను. కింద కిరాణా కొట్టులో స్కాన్ ఎలా చేయాలో నేర్పాను. మళ్లీ నేర్పాను. మూడోసారి ఆయన "ఏరా, ఈ పిన్నూ, ఫోన్ లాక్ తీసే పిన్నూ ఒకటేనా?" అనేసరికి విసుగొచ్చేసింది. "నీకు వయసైపోయింది నాన్నా, ఇంక బుర్రకెక్కదులే" అనేశాను.

ఆయనేం అనలేదు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పాలప్యాకెట్‌కి వెళ్తూ అమ్మని చిల్లర అడిగారు.

ఆ చిల్లర నన్ను రెండ్రోజులు గుచ్చింది. సారీ చెప్పాలి కదా? నేను చేసింది వేరు. నేనన్నది కరెక్టేనని తేల్చుకోడానికి, మనిషి బుర్ర ఏ వయసు నుంచి తగ్గుతుందో వెతకడం మొదలుపెట్టాను. అక్కడ దొరికాడు వార్నర్ షాయ్ అనే సైకాలజిస్టు. జర్మనీలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో షాంఘై చేరి, అక్కణ్నుంచి అమెరికా వెళ్లినవాడు.

1956లో ఆయన పీహెచ్‌డీ కోసం సియాటిల్‌లో ఓ 500 మందికి పరీక్షలు పెట్టాడు. ఇరవైల్లో ఉన్నవాళ్ల నుంచి అరవైలు దాటినవాళ్ల దాకా అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. మాటలు, లెక్కలు, తర్కం, బొమ్మని మనసులో తిప్పి చూడటం, ఇలాంటివన్నమాట. ఫలితం అందరూ అనుకున్నట్టే వచ్చింది: కుర్రాళ్లు పైన, పెద్దాళ్లు కింద. వయసుతో పాటు తెలివి తగ్గుతుందన్న మాట అక్కడితో తేలిపోయినట్టే.

కానీ ఆయన ఏడేళ్లాగి, 1963లో ఆ 500 మందినీ మళ్లీ వెతికాడు. సుమారు 300 మంది తిరిగొచ్చారు. ఈసారి పోల్చింది ముసలాళ్లని కుర్రాళ్లతో కాదు, ఎవర్ని వాళ్లతోనే. మొదటి గ్రాఫ్‌లో కనిపించిన ఆ పడిపోవడం చాలామందిలో లేనే లేదు!

ఇదెలా అంటే, మీ పాత ఫోన్ గుర్తు తెచ్చుకోండి. 2012 నాటి ఫోన్‌ని ఈనాటి ఫోన్ పక్కన పెడితే నెమ్మదిగానే ఉంటుంది. పాతబడి నెమ్మదించిందా, కొన్నరోజే అంతేనా? రెండు ఫోన్లని పక్కపక్కన పెడితే ఆ సంగతి తెలీదు. 1956లో అరవై దాటినవాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టినవాళ్లు. చాలామందికి బడే తక్కువ. ఇలాంటి పరీక్ష కాగితాల అలవాటూ తక్కువ. వాళ్లు కుర్రాళ్లగా ఉన్నప్పుడు పరీక్ష పెట్టినా, 1956 నాటి కుర్రాళ్లంత మార్కులు వచ్చేవి కావేమో. ఒకేరోజు తీసిన గ్రూప్ ఫోటోలో వయసు తేడా, తరాల తేడా కలిసిపోతాయి. విడదీయాలంటే ఒకే మనిషి ఆల్బమ్ కావాలి.

ఆల్బమ్‌లోనూ చిక్కుంది లెండి. ఓపికున్నవాళ్లే మళ్లీ వస్తారు, పైగా ఆ పరీక్ష వాళ్లకి అలవాటైపోతుంది. అందుకే షాయ్ ఏడేళ్లకోసారి పాతవాళ్లతో పాటు అన్ని వయసుల కొత్తవాళ్లనీ చేర్చుకుంటూ పోయాడు. అలా దశాబ్దాలు. మనకి రెండు వారాల స్ప్రింటే ఎక్కువ!

చివరికి తేలిందేంటంటే, తెలివి అనేది ఒకే గీత కాదు. చూసి టకటకా గుర్తుపట్టే వేగం ఇరవైల నుంచే తగ్గడం మొదలవుతుంది. అంటే నాకూ, ఇది చదివే మీలో చాలామందికీ ఇప్పటికే. మాటల పట్టు, తర్కం మాత్రం సగటున నలభై దాటాక, అరవైల మొదటి దాకా కూడా గట్టిగా నిలుస్తాయి. అరవై దాటాక మెల్లగా తగ్గుదల ఉంది, ఎనభైల్లో బాగా తెలుస్తుంది. అది దాచను. కానీ మనిషికీ మనిషికీ చాలా తేడా. గుండెజబ్బుల్లాంటివి లేనివాళ్లకి తగ్గుదల ఆలస్యమవుతుందని కూడా చూశారు. ఇది చదివాక నాకు గుర్తొచ్చింది: నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నారో లేదో నేను అడిగి ఎన్నాళ్లయిందో.

ఇలాంటి ఓపిక పని మన దగ్గరా నడుస్తోంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి నాలుగు దేశాల్లో 12,000 మంది పిల్లల్ని వెంటాడి చూస్తోంది. అందులో సుమారు 3,000 మంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వాళ్లలో వెయ్యిమంది 1994-95లో పుట్టినవాళ్లు, అంటే నా బ్యాచ్. పేదరికం, బడి, ఆరోగ్యం పిల్లల్ని ఎటు తీసుకెళ్తాయో ఆల్బమ్ లాగా చూస్తున్నారు.

నాన్న ఆల్బమ్ నా దగ్గర లేదు. ఆయన్ని ఆయనతో నేనెప్పుడూ పోల్చలేదు, ఎంతసేపూ నాతోనే. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆర్టీసీ డిపోలో లెడ్జర్ పుస్తకం. నలభై దాటాక డిపోకి కంప్యూటర్లొస్తే, తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అప్పుడు వాళ్లెవరూ "వయసైపోయింది సార్" అన్నట్టు లేదు.

షాయ్, ఆయన భార్య షెర్రీ విల్లిస్ 1980లలో ఇంకో పని చేశారు. 64 దాటినవాళ్లకి గంట చొప్పున ఐదు క్లాసులు, అంతే. మూడింట రెండొంతుల మంది మెరుగుపడ్డారు. అప్పటికే తగ్గుదల మొదలైనవాళ్లలో దాదాపు 40 శాతం మంది, పద్నాలుగేళ్ల కిందటి తమ స్థాయికి తిరిగొచ్చారు. ఐదు గంటలు! నేను నాన్నకిచ్చింది మొత్తం కలిపి పది నిమిషాలు, అదీ చేతిలోంచి ఫోన్ లాక్కుని నేనే నొక్కేస్తూ.

ఆదివారం మళ్లీ కూర్చున్నాం. సారీ చెప్పాను. "సర్లేరా, ఫోన్ నా చేతిలోనే ఉంచు" అన్నారు. బ్యాగులోంచి పాత డైరీ తీసి, ఒక్కో స్క్రీన్ చూస్తూ ఒక్కో లైను రాసుకున్నారు. లాక్ పిన్ వేరు, డబ్బు పిన్ వేరు అని ఎర్ర ఇంకుతో గీత కొట్టారు. నాలుగో స్క్రీన్ దగ్గర ఆగి, "పేరు కనపడుతోందిగా, ఇక్కడ చూసుకోవాలి కదా? నువ్వు చూడకుండా నొక్కేశావేం మొన్న?" అన్నారు.

సమాధానం చెప్పలేదు నేను. ఆయన డైరీలో రాసుకున్నారు: "4. ఆగాలి. పేరు చదవాలి."